మూడు గదులు, మూడు ఫైర్ టీవీ స్టిక్‌లు: ఇంటిల్లిపాదీ వాడుతున్నాక నా అభిప్రాయం

ఒక టీవీకి ఒక స్టిక్, అంటే టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టులో గుచ్చితే ఇంటర్నెట్ వీడియోలు ఆడించే చిన్న పరికరం, కొనుక్కోవడం పెద్ద పనేం కాదు. పేరున్న కంపెనీది ఏది తెచ్చినా బొమ్మ పడుతుంది, పాట మోగుతుంది. ఇంట్లో మూడు టీవీలుండి, ఒక్కోదాని ముందు ఒక్కో వయసువాళ్ళు కూర్చుంటే మాత్రం లెక్క మారిపోతుంది. రివ్యూలు వెతికితే అన్నీ ఒక్క పరికరం గురించే ఉంటాయి. ప్రాసెసర్ ఎంత, ర్యామ్ ఎంత, డాల్బీ విజన్ ఉందా లేదా అని. అవే రెండు మూడు కలిసి ఒకే ఇంట్లో, ఒకే వైఫై మీద, ఒకే అకౌంట్‌తో ఎలా నడుస్తాయో చెప్పేవాళ్ళు తక్కువ. నేను రాసేది దాని గురించే.

మా ఇంట్లో హాల్లో ఒక టీవీ, మా గదిలో ఒకటి, అత్తయ్య మామయ్యగార్ల గదిలో ఒకటి ఉన్నాయి. హాలు టీవీకి అమెజాన్‌వాళ్ళ ఫైర్ టీవీ స్టిక్ 4కె మ్యాక్స్, మిగతా రెండింటికీ మామూలు ఫైర్ టీవీ స్టిక్ హెచ్‌డీ పెట్టాం. అంతకుముందు మూడు గదుల్లో మూడు రకాలు ఉండేవి. హాల్లో టీవీతో వచ్చిన సాఫ్ట్‌వేరే, మా గదిలో ఒక కంపెనీ బాక్సు, పెద్దవాళ్ళ గదిలో ఇంకో కంపెనీ స్టిక్. విడివిడిగా చూస్తే దేనికీ వంక పెట్టలేం. కానీ ఒకదాంట్లో సెర్చ్ పైన ఉంటే ఇంకోదాంట్లో ఎడమ పక్కన ఉండేది. ఒక రిమోట్‌లో వెనక్కి వెళ్ళే బటన్ నొక్కితే యాప్‌లోనే ఒక మెట్టు వెనక్కి వచ్చేది, ఇంకోదాంట్లో ఏకంగా బయటికి వచ్చేసేది. తన గదిలో చకచకా అన్నీ పెట్టుకునే అత్తయ్య హాల్లోకి వస్తే మాత్రం మా అబ్బాయిని కేకేయాల్సి వచ్చేది. "నాన్నా, నేను మొన్న చూస్తూ ఆపింది ఇందులో ఎక్కడుందిరా?" అనేవారు. మూడూ ఒకే రకం చేశాక ఆ కేకలు ఆగిపోయాయి. మూడు టీవీలున్న ఇంటికి, ఉన్నవాటిలోకల్లా గొప్ప పరికరం ఏది అన్నదానికంటే అన్ని గదుల్లోనూ ఒకే రకం ఉండటం ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతున్నాను. డెబ్బై దాటినవాళ్ళు ఇష్టంగా ఒక రిమోట్ నేర్చుకుంటారు. మూడు నేర్చుకోమనడం అన్యాయం.

ఒకే రకం అంటే పెట్టె మీద పేరు ఒకటే ఉంటే చాలదు. ఫైర్ టీవీలనే తీసుకోండి. ఇన్నేళ్ళూ వచ్చిన స్టిక్‌లు ఆండ్రాయిడ్ మీద కట్టిన ఫైర్ ఓఎస్ అనే వ్యవస్థతో నడుస్తాయి. 2025లో వచ్చిన 4కె సెలెక్ట్ మాత్రం వేగా ఓఎస్ అనే వేరే వ్యవస్థతో వచ్చింది. ఆండ్రాయిడ్ కోసం రాసిన యాప్ దానిలో అలాగే ఎక్కదు, దానికోసం మళ్ళీ తయారుచేయాలి. కాబట్టి హాల్లో ఒకటి ఉంది కదా, రెండో గదికి అదే కంపెనీది ఇంకోటి తెచ్చేద్దాం అనుకునేవాళ్ళు, రోజూ చూసే యాప్‌లన్నీ కొత్తదానిలో ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. గూగుల్ వైపు చూసేవాళ్ళకూ ఇలాంటిదే ఒక మాట. 2013లో మొదలైన, టీవీకి తగిలించే క్రోమ్‌కాస్ట్ తయారీని 2024లో ఆపేసి, దాని స్థానంలో గూగుల్ టీవీ స్ట్రీమర్ తెచ్చారు. ఇది స్టిక్ కాదు, టీవీ ముందు పెట్టుకునే చిన్న డబ్బా. 32 జీబీ స్టోరేజీ, వెనకాల ఇంటర్నెట్ తీగ గుచ్చే ఈథర్‌నెట్ పోర్టు ఉన్నాయి. ఇంట్లో అందరివీ ఐఫోన్‌లే అయితే యాపిల్ టీవీ 4కె చాలా హాయిగా కలిసిపోతుంది, కాకపోతే ఈథర్‌నెట్ పోర్టు కావాలంటే 128 జీబీది తీసుకోవాలి, 64 జీబీదానికి ఆ పోర్టు ఉండదు. మేము ఫైర్ టీవీ వైపు మొగ్గడానికి కారణం చిన్నది. గోడకు బిగించిన టీవీల వెనక కనబడకుండా ఇమిడిపోవాలి, రిమోట్ చేతిలో తేలిగ్గా ఉండాలి. ఈ రెండు కోరికలూ తీరాయి.

రెండో టీవీకి స్టిక్ పెట్టేముందు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. ప్రతి టీవీకీ విడిగా నెట్‌ఫ్లిక్స్ కట్టాలా? అక్కర్లేదు. ఒకే అకౌంట్‌తో మూడింట్లోనూ లాగిన్ అవొచ్చు. పరిమితి ఎన్ని టీవీల్లో యాప్ ఉంది అన్నదానిమీద కాదు, ఒకే సమయంలో ఎన్నిచోట్ల వీడియో ఆడుతోంది అన్నదానిమీద ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్‌లో స్టాండర్డ్ ప్లాన్‌కు ఒకేసారి 2, ప్రీమియమ్‌కు 4. మిగతా సర్వీసులకు వాటి వాటి లెక్కలున్నాయి, అవి మారుతుంటాయి కూడా, ప్లాన్ తీసుకునేటప్పుడు ఆ ఒక్క వరుస చదివితే చాలు. 4కె చిత్రం కూడా నెట్‌ఫ్లిక్స్‌లో ప్రీమియమ్‌కే వస్తుంది. అంటే కింది ప్లాన్ ఉన్నవాళ్ళు నెట్‌ఫ్లిక్స్ కోసమే అన్ని గదులకూ 4కె స్టిక్‌లు కొనడంలో అర్థం లేదు.

ఇక్కడ ఎవరూ చెప్పని తిరకాసు ఒకటుంది. స్టిక్‌ది ఒక ప్రాణం, టీవీది ఒక ప్రాణం. టీవీ రిమోట్‌తో టీవీ ఆపేస్తే తెర నల్లబడుతుంది కానీ, వెనకాల గుచ్చిన స్టిక్‌కు ఆ సంగతి తెలియకపోవచ్చు. అది సిరీస్ తర్వాతి భాగం పెట్టుకుని, చూసేవాళ్ళు లేకపోయినా ఆడించుకుంటూనే ఉంటుంది. ఒక్క టీవీ ఉన్న ఇంట్లో దీనివల్ల కాస్త డేటా పోతుంది, అంతే. మూడు టీవీలున్న ఇంట్లో అయితే మామయ్యగారు ఆపేశాననుకున్న సీరియల్ ఒక వాటాను పట్టుకుని కూర్చుంటుంది, ఇటు హాల్లో 'ఈ అకౌంట్‌ను ఒకేసారి చాలామంది వాడుతున్నారు' అని వస్తుంది. ఎవరు చూస్తున్నారని ఇల్లంతా తిరిగితే ఎక్కడా టీవీ వెలుగుతూ ఉండదు. కొన్ని యాప్‌లు కాసేపయ్యాక 'ఇంకా చూస్తున్నారా' అని అడిగి ఆగుతాయి, అన్నీ అడగవు.

దీనికి మందు టీవీలోనే ఉంది. దాని పేరు హెచ్‌డీఎంఐ సీఈసీ. హెచ్‌డీఎంఐ తీగ గుండా చిత్రం, శబ్దంతోపాటు చిన్న చిన్న ఆదేశాలు కూడా అటూ ఇటూ వెళ్ళే ఏర్పాటు ఇది. ఇది పనిచేస్తుంటే టీవీ ఆపగానే స్టిక్ నిద్రలోకి పోతుంది. స్టిక్ రిమోట్‌లో హోమ్ నొక్కితే టీవీ తనంతట తానే వెలిగి, సరైన ఇన్‌పుట్‌కు మారుతుంది. తంటా ఏమిటంటే టీవీ సెట్టింగ్స్‌లో ఈ పేరు కనబడదు. శామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్ అని ఎవరి పేరు వాళ్ళు పెట్టుకున్నారు. మూడు టీవీలు మూడు కంపెనీలవైతే మూడుచోట్ల మూడు పేర్లతో వెతకాలి. స్టిక్ సెట్టింగ్స్‌లో కూడా ఇది ఆన్‌లో ఉండాలి. ఓపిగ్గా కూర్చుని ఇదొక్కటి సరిచేస్తే పెద్దవాళ్ళకు సగం కష్టం తీరుతుంది. 'సోర్స్' బటన్ నొక్కి హెచ్‌డీఎంఐ 1, 2 అని వెతుక్కునే పని వాళ్ళకు ఎప్పటికీ అర్థమయ్యేది కాదు, అర్థం కావాల్సిన అవసరమూ లేదు.

ఇక వైఫై. మూడు స్టిక్‌ల ఇంట్లో అసలు కథంతా ఇదే.

చాలామంది ముందు ఇంటర్నెట్ స్పీడ్‌ను అనుమానిస్తారు. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కెకి 15 ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుంది. హాల్లో 4కె, మిగతా రెండు గదుల్లో ఫుల్ హెచ్‌డీ ఒకేసారి ఆడినా కలిపి 25. ఫోన్లు, కంప్యూటర్ల వాడకం కలుపుకున్నా 100 ఎంబీపీఎస్ కనెక్షన్ పుష్కలం. అయినా ఒక గదిలో బొమ్మ ఆగి ఆగి వస్తుందంటే, లోపం దాదాపు ఎప్పుడూ రౌటర్ నుంచి ఆ స్టిక్ దాకా ఉన్న దారిలోనే ఉంటుంది. కనెక్షన్ ఇచ్చే సంస్థ ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోమంటుంది. మాకూ అదే చెప్పారు. పెద్ద ప్లాన్ రౌటర్ దాకా నీళ్ళు ఎక్కువ తెస్తుంది కానీ, గదిలోకి వెళ్ళే గొట్టం సన్నగా ఉంటే ఉపయోగం ఏముంది?

వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు పట్టీలుంటాయి. మొదటిది గోడలు దాటి దూరం వెళ్తుంది, కానీ ఇరుకు. ఒకదానితో ఒకటి తగలని ఛానెళ్ళు అందులో మూడే, 1, 6, 11. ఇరుగుపొరుగు రౌటర్లన్నీ వాటిమీదే ఉంటాయి, బ్లూటూత్ కూడా ఆ పట్టీలోనే తిరుగుతుంది. రెండోది వేగం, కానీ రెండు గోడలు అడ్డొస్తే నీరసపడుతుంది. రౌటర్‌లో రెండింటికీ ఒకే పేరుంటే స్టిక్ తనకు తోచినదాన్ని పట్టుకుంటుంది. హాల్లో రౌటర్ పక్కనే ఉన్న స్టిక్ ఇరుకైన 2.4 మీద కూర్చుంటే మిగతా గదులకూ నష్టమే, ఎందుకంటే దూరంగా ఉన్నవాటికి దక్కాల్సిన సమయాన్ని ఇది తింటోంది. అందుకే నేను రెండు పట్టీలకూ వేర్వేరు పేర్లు పెట్టి, హాలు, మా గది స్టిక్‌లను 5 మీద, చివరన ఉన్న పెద్దవాళ్ళ గదిని 2.4 మీద ఉంచి చూశాను. ఫుల్ హెచ్‌డీకి అది చాలింది. రాత్రిపూట, అన్ని ఇళ్ళవాళ్ళూ వైఫై వాడే వేళ మాత్రం మళ్ళీ తడబడేది.

దాన్ని కూడా చక్కబెట్టింది డబ్బాలో స్టిక్‌తోపాటు వచ్చే బెత్తెడు హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్. చాలామంది దాన్ని తీయకుండా డబ్బాలోనే వదిలేస్తారు. స్టిక్‌ను నేరుగా టీవీ వెనక గుచ్చితే లోహపు పలకకు, గోడకు మధ్య నొక్కుకుపోతుంది. సిగ్నల్ అందదు, వేడి బయటికి పోదు. ఎక్స్‌టెండర్ పెట్టి స్టిక్‌ను టీవీ అంచు దాకా లాగితే రెండూ మెరుగవుతాయి. మీ స్టిక్‌కు సిగ్నల్ ఎలా అందుతోందో చూడాలంటే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌లోకి వెళ్ళి, మీ వైఫై పేరు మీద ఉండగా రిమోట్‌లో ప్లే బటన్ నొక్కండి. ఈ పని ప్రతి గదిలోనూ చేయాలి. ఒక గదిలో బాగుందంటే ఇల్లంతా బాగున్నట్టు కాదు.

హాలు స్టిక్‌ను ఆ తర్వాత వైఫై నుంచే తప్పించాను. ఫైర్ టీవీకి విడిగా అమ్మే ఈథర్‌నెట్ అడాప్టర్ తెచ్చి రౌటర్ నుంచి తీగ లాగాం. ఆ అడాప్టర్ 100 ఎంబీపీఎస్ వరకే ఇస్తుంది, అయితేనేం, 4కెకి కావాల్సింది 15. హాలు టీవీ బాగుపడటం ఒక ఎత్తు, దానివల్ల గాలిలో ఖాళీ దొరికి మిగతా రెండు గదులు కుదుటపడటం ఇంకో ఎత్తు. అన్నిటికంటే ఎక్కువ డేటా లాగేదాన్ని తీగ మీదికి ఎక్కించడం, నన్నడిగితే, కొత్త రౌటర్ కొనడానికి ముందే చేయాల్సిన పని. తీగ లాగే వీలు లేని పెద్ద ఇళ్ళకు మెష్ వైఫై, అంటే అక్కడక్కడ పెట్టిన కొన్ని డబ్బాలు కలిసి ఒకే వైఫైగా పనిచేసే ఏర్పాటు, సరైన దారి. అయితే మెష్ డబ్బాలు ఒకదానితో ఒకటి వైఫైలోనే మాట్లాడుకుంటుంటే ఆ మాటలకు కూడా గాలిలో కొంత చోటు పోతుందని గుర్తుపెట్టుకోవాలి.

నెలకు ఇంత డేటా అని పరిమితి ఉన్న కనెక్షన్ అయితే ఇంకో లెక్క వేసుకోవాలి. నెట్‌ఫ్లిక్స్ 4కె గంటకు 7 జీబీ దాకా, హెచ్‌డీ గంటకు 3 జీబీ దాకా తింటుంది. మూడు టీవీలకు గుణిస్తే ఎంతవుతుందో చూడండి. చిన్న తెర ఉన్న గదిలో యాప్ క్వాలిటీని తగ్గించి పెడితే కంటికి తేడా తెలియదు.

కరెంటు సంగతి క్లుప్తంగా చెప్తాను. స్టిక్‌ను టీవీ యూఎస్‌బీకి గుచ్చకండి. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది అర ఆంపియర్, స్టిక్‌తో వచ్చే అడాప్టర్ ఇచ్చేది 1 ఆంపియర్. పైగా చాలా టీవీల్లో టీవీ ఆపగానే ఆ పోర్టుకు కరెంటు ఆగిపోతుంది. ప్రతిసారీ స్టిక్ మొదటి నుంచి లేవాలి, ఆ లోగో చూస్తూ కూర్చోవాలి. గోడ సాకెట్ దూరమైతే పొడవైన తీగ తెచ్చుకోండి.

రిమోట్ల గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్పాలి. మూడు గదుల్లో ఒకే రకం స్టిక్‌లు పెడితే ఒకేలా ఉండే మూడు రిమోట్లు వస్తాయి. నేను మెచ్చుకున్న సుగుణమే ఇక్కడ చిక్కు తెస్తుంది. ఈ రిమోట్ స్టిక్‌తో బ్లూటూత్‌లో మాట్లాడుతుంది, కాబట్టి ఎదురుగా పెట్టి నొక్కాల్సిన పని లేదు, దుప్పటి కింద నుంచి నొక్కినా పనిచేస్తుంది. అదే రిమోట్ టీవీ ఆన్, వాల్యూమ్ కోసం మాత్రం పాతకాలపు పరారుణ కిరణాలు వాడుతుంది, అవి ఎదురుగా ఉన్న టీవీకే తగులుతాయి. ఇప్పుడు హాలు రిమోట్‌ను ఎవరైనా పక్క గదిలోకి తెచ్చి నొక్కారనుకోండి. రెండు టీవీలూ ఒకే కంపెనీవైతే శబ్దం ఈ గదిలో పెరుగుతుంది, బొమ్మ హాల్లో మారుతుంది. హాల్లో సినిమా చూస్తున్నవాళ్ళకు ఎందుకు మారిందో అర్థం కాదు, ఇక్కడ నొక్కినవాళ్ళకు ఎందుకు మారలేదో అర్థం కాదు. స్టిక్ పాడైందనుకుంటారు. అందుకని ఒక్కో రిమోట్‌కు ఒక్కో రంగు టేపు చుట్టాను. అదే రంగు ముక్క టీవీ అంచుకు కూడా అంటించాను. రంగు కలవకపోతే ఆ రిమోట్ ఆ గదిది కాదు. అత్తయ్యకు ఇది ఒక్కసారి చెప్తే చాలింది.

ఒక స్టిక్‌కు 7 దాకా బ్లూటూత్ రిమోట్లు జత చేసుకోవచ్చు, కానీ ఒక రిమోట్ ఒక స్టిక్‌కే కట్టుబడి ఉంటుంది. జత తెగిపోతే హోమ్ బటన్‌ను 10 సెకన్లు నొక్కి పట్టుకుంటే మళ్ళీ కలుస్తుంది. ఆ పని చేసేటప్పుడు పక్క గదుల్లో స్టిక్‌లు జత చేసుకునే స్థితిలో లేకుండా చూసుకోండి. రిమోట్ కనబడకపోతే ఫోన్‌లో ఫైర్ టీవీ యాప్ ఉండనే ఉంది. అదే వైఫై మీద ఉంటే ఇంట్లో ఎక్కడినుంచైనా ఏ స్టిక్‌నైనా నడపొచ్చు. మామయ్యగారు ఏదైనా పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతే నేను వంటింట్లోంచే యాప్‌లో టైప్ చేసి పంపిస్తాను. బాణం గుర్తులతో ఒక్కో అక్షరం వెతుక్కోవడం కంటే వంద రెట్లు నయం. ఇది సాఫీగా జరగాలంటే స్టిక్‌లకు పేర్లు తెలిసేలా ఉండాలి. మొదట్లో ఇచ్చే పేరులో మన పేరు, పక్కన రెండో ఫైర్ టీవీ, మూడో ఫైర్ టీవీ అని ఉంటుంది. అమెజాన్ అకౌంట్‌లోకి వెళ్ళి 'హాలు', 'మా గది', 'అమ్మమ్మ గది' అని మార్చేయండి. ఫోన్ నుంచి టీవీకి వీడియో పంపేటప్పుడు కూడా ఆ పేర్లే కనబడతాయి. పిల్లలు తమ పాట తీసుకెళ్ళి తాతగారి వార్తల మధ్యలో పెట్టే ప్రమాదం తగ్గుతుంది.

మామయ్యగారికి కొంచెం వినికిడి తక్కువ. ఆయన కోసం పెట్టే శబ్దానికి పక్కనున్నవాళ్ళు కూర్చోలేరు. స్టిక్‌కు బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ కలపొచ్చు, ఆయన చాలా సంతోషపడ్డారు. కానీ హెడ్‌ఫోన్స్ కలిపితే టీవీ స్పీకర్లు మూగబోతాయి, ఇద్దరూ కలిసి చూడటానికి కుదరదు. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని ఒకే సినిమా చూడాలనుకుంటారు కదా, వాళ్ళకు ఈ ఏర్పాటు సరిపోదు. దీనికి దారి టీవీలోనే వెతకాలి. స్పీకర్లు, హెడ్‌ఫోన్స్ రెండింటికీ ఒకేసారి శబ్దం పంపే సదుపాయం కొన్ని టీవీల్లో సెట్టింగ్స్‌లో ఉంటుంది. పెద్దవాళ్ళ గదికి టీవీ కొనేటప్పుడు తెర సైజు కంటే ముందు ఇది అడగండి. అది లేనిచోట అక్షరాలు పెద్దవిగా పెట్టిన సబ్‌టైటిల్సే ఆసరా.

ప్రొఫైళ్ళ పని మొదటిరోజే ముగించడం మంచిది. నెట్‌ఫ్లిక్స్‌లో ఒక అకౌంట్‌కు 5 ప్రొఫైళ్ళు చేసుకోవచ్చు. మనిషికొకటి ఉండాలి, గదికొకటి కాదు. అత్తయ్య తన గదిలో సగం చూసి ఆపిన సినిమాను హాల్లో తన పేరు మీద నొక్కి ఆపినచోటి నుంచే చూస్తారు. మూడు స్టిక్‌లు ఒకే రకం కావడంలోని హాయి అప్పుడు తెలుస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో పెద్దల ప్రొఫైళ్ళకు పిన్ పెట్టండి. ఒక టీవీలో పిల్లల కోసం చేసిన ఏర్పాటు పక్క గది టీవీలో లేకపోతే వాళ్ళు ఆ గదికే వెళ్తారు. స్టిక్‌లో పెట్టే తల్లిదండ్రుల నియంత్రణ ఏ స్టిక్‌కు ఆ స్టిక్‌కు ఉందో లేదో చూసుకోవాలి. అలాగే హోమ్ స్క్రీన్‌లో ఉన్నట్టుండి శబ్దంతో మొదలయ్యే ప్రచార వీడియోలను సెట్టింగ్స్‌లో ప్రిఫరెన్సెస్ కింద ఫీచర్డ్ కంటెంట్‌లో ఆపేయొచ్చు. పెద్దవాళ్ళు వాటిని చూసి తామేదో తప్పు నొక్కామని కంగారుపడతారు. మూడింట్లోనూ నేను అది ఆపేశాను.

స్టోరేజీ గురించి ఒక్క మాట. హెచ్‌డీ స్టిక్‌లో 8 జీబీ, 4కె మ్యాక్స్‌లో 16 జీబీ ఉంటుంది. అందులో వ్యవస్థకు పోగా మిగిలేది తక్కువ. ప్రతి గదిలోనూ అన్ని యాప్‌లూ నింపకుండా ఆ గదివాళ్ళు చూసేవే ఉంచితే స్టిక్ చురుగ్గా ఉంటుంది. పెద్దవాళ్ళకూ వెతుకులాట తగ్గుతుంది.

లైవ్ ఆటల సంగతి మాత్రం ఎంత సర్దినా సర్దుకోదు. హాల్లో ఒక టీవీ, లోపల ఒక టీవీ, రెండింట్లోనూ ఒకే మ్యాచ్. హాల్లో అందరూ ఒక్కసారిగా అరుస్తారు. లోపల కూర్చున్న మామయ్యగారికి ఇంకా బంతి పడనే లేదు. స్ట్రీమింగ్‌లో వీడియో కొన్ని సెకన్ల చొప్పున ముక్కలై వస్తుంది. ప్రతి పరికరం కొన్ని ముక్కలు ముందే పోగేసుకుని ఆడించడం మొదలుపెడుతుంది. ఏ స్టిక్ ఎప్పుడు మొదలైంది, మధ్యలో ఎక్కడ ఆగింది అన్నదాన్నిబట్టి ఒక్కోటి ఒక్కోచోట ఉంటుంది. రెండు స్టిక్‌లూ ఒకే రకమైనా ఈ తేడా పోదు. వెనకబడినదానిలో యాప్ మూసి మళ్ళీ తెరిస్తే, లేదా 'లైవ్' అన్న గుర్తు నొక్కితే కొంత దగ్గరికి వస్తుంది. ముఖ్యమైన మ్యాచ్ అయితే అందరం హాల్లోకే చేరుతున్నాం.

ఇన్ని స్టిక్‌లు ఎందుకు, ఒకటే కొని గదికీ గదికీ మార్చుకోవచ్చుగా అని అడిగేవాళ్ళుంటారు. మార్చుకోవచ్చు, యాప్‌లు, లాగిన్‌లు అన్నీ స్టిక్‌లోనే ఉంటాయి. కానీ టీవీ కంపెనీ మారితే వాల్యూమ్ బటన్‌కు మళ్ళీ ఆ టీవీని నేర్పాలి. రోజూ పీకి గుచ్చితే హెచ్‌డీఎంఐ పోర్టు వదులవుతుంది. ప్రయాణానికి బాగుంటుంది, ఇంట్లో రోజువారీకి కాదు. హెచ్‌డీఎంఐ స్ప్లిటర్‌తో ఒకే స్టిక్‌ను రెండు టీవీలకు కలిపితే రెండింట్లోనూ ఒకే బొమ్మ వస్తుంది. ఒకటి 4కె టీవీ, ఇంకోటి హెచ్‌డీ టీవీ అయితే మామూలు స్ప్లిటర్ మంచిదాన్ని కూడా తక్కువదాని స్థాయికి దించుతుంది. గదికొకరి ఇష్టం అనే మాటకే అది విరుద్ధం.

పేరూ ఊరూ లేని చవక ఆండ్రాయిడ్ బాక్సులు మాత్రం ఏ గదికీ వద్దు. మూడోది కదా, ఎవరు చూస్తారులే అని పెద్దవాళ్ళ గదికి అలాంటిది తెస్తుంటారు. ఇలాంటి చాలా బాక్సులకు వైడ్‌వైన్ ఎల్1 అనే భద్రతా స్థాయి ఉండదు, అది లేకపోతే పేరున్న యాప్‌లు మసక బొమ్మే ఇస్తాయి. అంతకంటే భయపడాల్సింది వేరే ఉంది. ఇలాంటి పరికరాల్లో కొన్ని తయారీలోనే హానికర సాఫ్ట్‌వేర్‌తో వస్తున్నాయని, వాటిద్వారా ఇళ్ళ ఇంటర్నెట్‌ను నేరాలకు వాడుకుంటున్నారని అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో, బ్యాడ్‌బాక్స్ 2.0 అని పిలిచే అలాంటి పరికరాల వల గురించి చెబుతూ హెచ్చరించింది. ఒక గదిలో అలాంటిది పెడితే మిగతా గదుల పరికరాలూ, ఫోన్లూ ఉన్న అదే వైఫైలోకి దాన్ని పిలిచినట్టే. గూగుల్ సర్టిఫికేషన్ ఉన్నదో, పేరున్న కంపెనీదో తీసుకుని, తక్కువ మోడలైనా సరే, నిశ్చింతగా ఉండండి.

మూడింటికీ నేనిచ్చే మార్కులు వేరు. పెద్దవాళ్ళ గదిలో హెచ్‌డీ స్టిక్‌కు 5కి 5 ఇస్తాను, ఎందుకంటే అక్కడ ఎవరినీ పిలవకుండా పని జరుగుతోంది. మా గదిలో దానికే 4, యాప్ నుంచి యాప్‌కు మారేటప్పుడు కాస్త నెమ్మది. హాల్లో 4కె మ్యాక్స్‌కు 4.5. మళ్ళీ కొనాల్సి వస్తే మా గదికి కూడా 4కె మోడలే తీసుకుంటాను, హాలుది మార్చను.

పాత బాక్సు, పాత స్టిక్ ఎవరికైనా ఇచ్చేసేవాళ్ళు ఇవ్వడానికి ముందు రెండు పనులు చేయాలి. పరికరం సెట్టింగ్స్‌లో ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. తర్వాత అకౌంట్‌లోకి ఫోన్ నుంచి వెళ్ళి, పరికరాల జాబితాలోంచి దాన్ని తీసేయండి. నెట్‌ఫ్లిక్స్‌లో కూడా పరికరాల జాబితా విడిగా ఉంటుంది, అక్కడా సైన్ అవుట్ కొట్టండి. రీసెట్ చేయకుండా ఇస్తే మీ అకౌంట్, అందులో కట్టే పద్ధతి, మీవాళ్ళు చూసినవాటి జాబితా అన్నీ దానితోపాటే వెళ్ళిపోతాయి.